వెట్టివాడు వీరుడైన కథ



చర్ల, దుమ్ముగూడెము, వెంకటాపురము ప్రాంతముల పల్లెలలో ఈ సాయంకాలము రేడియో చెంత కూర్చున్న పెద్దలు నేటి ప్రసంగవిషయము వినినంతనే నవ్వుకొనవచ్చును. నేను ముప్పది యేండ్లకు పైగా తెలుగు పండితుడనై బాలురకు సంధులును సమాసములును బోధించి విశ్రాంతి పొందినవాడను. అట్టివాడు భారత రామాయణములను విడిచి, పిల్లలు తెరపై ఆడుకొను ఒక యంత్రపురుషుని ఆటను గూర్చి మాటలాడనేల యని మీకు తోచిన, అందు తప్పు లేదు. నేనును ఒకప్పుడు అట్లే తలచితిని. ఆ తలపు వలన ఒక అపరాధము చేసితిని. ఆ యపరాధమును ఒప్పుకొనుటకును, ఆ యాట చరిత్రను మీకు విన్నవించుటకును ఈ కొలది నిమిషములను వినియోగింతును.

అది 1997వ సంవత్సరము. శివరాత్రి వెళ్లి ఎండలు ముదురుచున్న దినములు. ఈ ప్రాంతమున ఒక పాఠశాలలో తొమ్మిదవ తరగతికి తెలుగు చెప్పుచుంటిని. ఒక బాలుని వ్రాతపుస్తకము దిద్దుచుండగా, సవర్ణదీర్ఘ సంధికి ఉదాహరణము లుండవలసిన పుటలో ఒక చిత్రము కనబడెను. గుండ్రముగా ఆరు బొమ్మలు. ఒకని తలపై కత్తెర. ఒకని చేత బండ. ఒకని యొడలి నిండ మంట. ఒక బొమ్మ నుండి మరియొక బొమ్మకు బాణపు గుర్తులు. ఇది యేమిరా యని గద్దించి అడిగితిని. కొత్తగూడెములో బొగ్గుగని పని చేయు మేనమామ యింట టీవీకి తగిలించి ఆడు ఆట యొకటి కలదనియు, దాని క్యాసెట్టులోని రోబోలే వీరనియు వాడు తలవంచుకొని చెప్పెను.

నాకు కోపము వచ్చెను. వారము దినములు బడి విడిచిన పిమ్మట మా యింటి నీళ్ల తొట్టి నింపవలెనని శిక్ష విధించితిని. చేతిపంపు మా యింటికి రెండు వందల గజముల దూరము. రెండు దినములు వాడు మోసెను. మూడవనాడు వాని తాత వచ్చెను. డెబ్బది యేండ్లు దాటిన వృద్ధుడు. నాతో ఒక్క మాట యనలేదు. మనుమని చేతిలోని బిందె తీసికొని భుజమున పెట్టుకొని, తక్కిన దినములన్నియు తానే తొట్టి నింపెను. నేను అరుగుమీద కూర్చుండి చూచుచుంటిని. వద్దనలేదు.

ఇక ఆ రోబో యను మాటకు వత్తము. ఈ మాట ఇంగ్లీషు వారిది కాదు, జెకు దేశస్థులది. కారెల్ చాపెక్ అను రచయిత 1920లో ఒక నాటకము వ్రాసెను. అది 1921లో ప్రాగు నగరమున ప్రదర్శింపబడెను. అందు ఒక కర్మాగారమువారు మనుష్యులను పోలిన కృత్రిమజీవులను తయారుచేసి పనికి అమ్ముదురు. ఆ జీవులకు ఏమి పేరు పెట్టుదునని చాపెక్ తడుముకొనుచుండగా, ఆయన యన్న జోసెఫ్, రోబో యను పేరును సూచించెను. వారి భాషలో రోబోట అనగా భూస్వామి పొలములో ప్రజలు కూలి లేక చేయవలసిన బలవంతపు పని. పెద్దలారా, మన తెలుగున దీనికి సరియైన మాట యేది? వెట్టి! రోబో యనగా వెట్టివాడు. చాపెక్ నాటకమున ఆ వెట్టివాండ్రు తుదకు తిరుగబడి మనుష్యజాతినే సంహరింతురు.

వెట్టి యనిన మన మొకరు చెప్పగా తెలిసికొనవలసిన వారము కాము. గోదావరికి ఈవల భద్రాచలము తాలూకా మద్రాసు రాజధానిలోను, ఆవలి ఒడ్డు నిజాము రాష్ట్రములోను ఉండిన దినములలో దొరలు వేరు, కచేరీలు వేరు, నాణెములు వేరు. వెట్టి మాత్రము రెండు ఒడ్డులందును ఒక్కటియే. గూడెము కొండలలో రోడ్లు వేయుటకు గిరిజనుల చేత సరియైన కూలి యీయక పని చేయించుట, 1922లో అల్లూరి సీతారామరాజు నాయకత్వమున లేచిన మన్యపు తిరుగుబాటునకు ముఖ్యకారణములలో ఒకటి. 1946 మొదలు 1951 వరకు సాగిన తెలంగాణ రైతుల పోరాటమునకు వెట్టియే మూలము. 1950లో అమలునకు వచ్చిన మన రాజ్యాంగము ఇరువది మూడవ అధికరణమున వెట్టిని నిషేధించెను. వెట్టిచాకిరిని రద్దుచేయుచు 1976లో ప్రత్యేకముగా చట్టము వచ్చెను. ఆ చట్టము వచ్చిన యిరువది యొక్క యేండ్లకు నేను ఒక బాలుని చేతను, వాని తాత చేతను కూలి లేని నీళ్లు మోయించుకొంటిని. ఆ తాత తన యౌవనమున అటవీ ఉద్యోగుల సామానులు మోసిన వాడని ఊరివారు నాకు తరువాత చెప్పిరి.

యంత్రపురుషులను కల్పించుట పాశ్చాత్యులే మొదలిడిరని కొందరు తలంతురు. అది సరి కాదు. పదునొకండవ శతాబ్దమున కాశ్మీరపు సోమదేవుడు రచించిన కథాసరిత్సాగరమున కాంచీపురమునందలి ఇద్దరు వడ్రంగి సోదరుల కథ కలదు. అన్న ప్రాణధరుడు, తమ్ముడు రాజ్యధరుడు. ఇద్దరును కొయ్యతో యంత్రములు చేయుటయందు మిక్కిలి నేర్పరులు. అన్న వ్యసనములలో ధనమంతయు పోగొట్టుకొని, కొయ్యహంసలను చేసి, రాత్రివేళ త్రాళ్ల సాయమున వానిని రాజు ధనాగారములోనికి విడిచి, నగలు దొంగిలించెను. దొంగతనము బయటపడగా సోదరులు విమానయంత్రముల నెక్కి వేరువేరుగా పారిపోయిరి. తమ్ముడొక శూన్యనగరమును చేరి, కొయ్యమనుష్యులను పరిచారకులనుగా చేసికొని అందు వసించెను. ఆ శతాబ్దముననే ధారానగరాధీశుడైన భోజరాజు సమరాంగణ సూత్రధారమున యంత్రములకొక అధ్యాయము కేటాయించి, దీపములకు నూనె పోయు బొమ్మలను, నృత్యము చేయు బొమ్మలను, వాకిలి కాయు కొయ్యభటులను వర్ణించెను. నిర్మాణరహస్యమును పూర్తిగా వెల్లడింపక పోవుట తెలియమి వలన కాదు, గోప్యము కొరకే యని కూడ చెప్పుకొనెను.

ఆ కాంచీపుర సోదరులను జ్ఞాపకమున నుంచుకొనుడు. విద్య యొక్కటే, చేతులు రెండు. నేను చెప్పబోవు జపాను కథయు ఇట్టిదే.

జపాను దేశమున 1952లో ఒసాము తెజుకా అను చిత్రకథాకారుడు, మంచి మనసు గల యంత్రబాలుని నాయకునిగా చేసి ఒక బొమ్మల కథ ప్రారంభించెను. ఆ దేశపు బాలురు రోబోను రాక్షసునిగా గాక స్నేహితునిగా భావించుటకు ఆ కథ చాల తోడ్పడెను. పిదప 1983లో నింటెండో సంస్థవారు ఫ్యామిలీ కంప్యూటర్ అను చిన్న పెట్టెను విపణిలోనికి తెచ్చిరి. దానిని టీవీకి తగిలించి, క్యాసెట్టు పెట్టి, చేతిమీటలు నొక్కిన, తెరమీది బొమ్మ మనము నడపినట్లు నడచును. తోలుబొమ్మలాటలో సూత్రధారి తెరవెనుక నుండును. ఈ యాటలో తెరముందు కూర్చున్న బాలుడే సూత్రధారి. భేద మింతియే.

ఆ పెట్టె కొరకు ఒసాకా నగరమునందలి క్యాప్‌కామ్ సంస్థవారు 1987 డిసెంబరు 17వ తేదీన రాక్‌మ్యాన్ అను ఆటను వెలువరించిరి. అకిరా కితమురా దానికి రూపకల్పన చేసెను. కేజీ ఇనాఫునే బొమ్మలు గీసెను. మనామి మత్సుమాయే యను యువతి సంగీతము కూర్చెను. పట్టుమని పదిమంది లేని బృందము. ఆ యాట యంతయు 128 కిలోబైట్లలో ఇమిడినది. నేడు మీ మనుమడు ఫోనుతో తీయు ఒక్క ఫొటో దానికి పదిరెట్లు చోటు తీసికొనును. ఆ పెట్టె చూపగల రంగులే కొలదిగా నుండెను. అందు నీలమునకు ఎక్కువ ఛాయ లుండుటచే నాయకునికి నీలి కవచము తొడిగితిమని నిర్మాతలు చెప్పిరి. ఉన్న రంగులతోడనే ముగ్గు పెట్టవలె ననుట మన గృహిణులకు తెలియని విషయమా?

ఇక ఆటలోని కథ. లైట్ అను శాస్త్రజ్ఞుడు మనుష్యులకు సాయపడుటకై రోబోలను నిర్మించెను. ఒకడు అడవిలో చెట్లు నరకువాడు, ఒకడు బండలెత్తువాడు, ఒకడు బాంబులతో నేలను చదును చేయువాడు, ఒకడు చెత్తను కాల్చువాడు, ఒకడు మంచుప్రదేశములందు పనిచేయువాడు, ఒకడు విద్యుత్కేంద్రమును చూచువాడు. అందరును కూలి లేని కూలీలే. వీరుగాక ఆ శాస్త్రజ్ఞునికి ఇంట పనిచేయు ఇద్దరు యంత్రశిశువులు కలరు. బాలుడు రాక్, పనిముట్లందించువాడు. బాలిక రోల్, ఇల్లు చక్కబెట్టునది. పాశ్చాత్యుల సంగీతములో రాక్ అండ్ రోల్ అను నొక రీతి గలదు. ఆ పేరునే రెండుగా విరిచి అన్నాచెల్లెండ్రకు పెట్టిరి. లైట్‌తో సమానమైన విద్య గల వైలీ యనువాడు అసూయచే ఆ ఆరుగురిని అపహరించి, వారి బుద్ధిని మార్చి, లోకముమీదికి ఉసిగొల్పెను. ప్రాణధరుని హంసలు మీకు జ్ఞప్తికి వచ్చుచున్నవి గదా!

అప్పుడు పనిముట్లందించు ఆ పిల్లవాడు ముందునకు వచ్చి, నన్ను యోధునిగా మార్చుడని యజమానుని కోరుకొనెను. కథకంతకు ఇదియే ఆయువుపట్టు. వానిని ఎవరును ఆజ్ఞాపించలేదు. చాకిరి కొరకు పుట్టింపబడిన వాడు తన ఇచ్ఛతో ఒక కార్యము నెత్తికెత్తుకొనెను. మనము భద్రాచలము నుండి చర్లకు వచ్చునపుడు, దారిలో పర్ణశాలకు తిరుగు బాట మీద రామనామము వినుచుందుము. ఆ రాముని కొలిచిన హనుమంతుడు దాసుడే. కాని వెట్టివాడు కాడు. పని యొక్కటియే కావచ్చును. తానై చేసిన అది సేవ, పరుడు మెడలు వంచి చేయించిన అది వెట్టి. రోబో యను మాట వెట్టిలో పుట్టినది; అరువది యేడేండ్లకు ఒక పిల్లల యాటలో ఆ రోబో సేవకుడై, వీరుడై నిలిచెను.

ఆట నడచు తీరు వినుడు. ఆరుగురు శత్రువులలో ఎవరిమీదికి ముందు పోవలెనో నిర్ణయము ఆడువానిదే. దారిలో గోతులు, ముండ్లు, కాపలాభటులు. గోతిలో పడిన ప్రాణము పోవును; మరల లేచి నడవవలెను. ఒక శత్రువు ఓడినంతనే వాని ఆయుధము రాక్‌కు వశమగును. ఆగ్నేయాస్త్రమునకు వారుణాస్త్రము విరుగుడని మనకు తెలియును. ఇచ్చటను అంతే. మంచువాని అస్త్రము అగ్నివానిని కూల్చును. అగ్ని, బాంబువానిని, బాంబు, బండలవానిని, బండలవాని బలము, కత్తెరవానిని, కత్తెర, విద్యుత్తువానిని, విద్యుత్తు, మంచువానిని కూల్చును. చక్రము పూర్తి యైనది. రాయి, కాగితము, కత్తెర యని పిల్లలు చేతులతో ఆడు ఆటనుండి నిర్మాతల కీ యూహ కలిగెనట. సర్వమును జయించు బలము ఎవరికిని లేదు. ఎంత బలవంతునికైనను ఒక విరుగుడు కలదు.

ఈ చక్రమును ఆట ముందుగా చెప్పదు. ఆడువాడు కనిపెట్టవలెను. ఒక్కొక్క శత్రువునకు తక్కిన యైదుగురి అస్త్రములు; వెరసి ముప్పది జోడింపులు. పైగా ఆ తొలి యాటలో, పెట్టె నార్పినచో అంతవరకు గెలిచినదంతయు పోవును. మరునాడు మొదటినుండి ఆరంభింపవలెను. ఏ అస్త్రమున్న శత్రువు కూలును, ఏది లేకున్న కూలడు అని ఒక్కొక్కటి సరిచూచుకొనుచు పోవలెను. తర్కశాస్త్రమున దీనినే అన్వయవ్యతిరేకము లందురు. నేను ఆ మాటను పరీక్షలకై వల్లెవేసినవాడను.

తొలి యాట యమ్మకములు సామాన్యముగనే సాగినవి. అమెరికాలో దానిని మెగామ్యాన్ అను పేర వెలువరించిరి. అచ్చటి అట్టపెట్టెమీద నీలికవచపు బాలునికి బదులు పిస్తోలు పట్టిన నడివయస్కుని చిత్రించిరి. ఆ బొమ్మను తలచుకొని ఆటగాండ్రు నేటికిని నవ్వుకొందురు. రెండవ యాటను నిర్మించుటకు ఆ చిన్న బృందము, సంస్థవా రప్పగించిన ఇతర కార్యములు ముగించుకొని, తమ సొంత వేళలను వెచ్చించెను. ఇష్టముతో చేసిన పని! 1988 డిసెంబరు 24న వెలువడిన ఆ రెండవ యాట పదునైదు లక్షల ప్రతులకు పైగా అమ్ముడుపోయినది. అందలి ఎనమండుగురు శత్రువులకై బాలబాలికల నుండి ఊహాచిత్రములను ఆహ్వానింపగా వేలకొలది వచ్చినవి. కొన్నిటిని గ్రహించి, ఆటలో ప్రాణము పోసిరి. ఆ వరుసలో పదునొకండవ యాట 2018లో వచ్చినది. పాత యాటలు 2017లో ఫోనులలోనికిని వచ్చినవి.

ఒక దేశమున పిల్లలు గీసిన రోబోబొమ్మలను పెద్దలు గౌరవముతో తీసికొనిరి. ఇచ్చట ఒక పిల్లవాడు గీసిన రోబోబొమ్మకు పండితు డొకడు ఏమి బహుమాన మిచ్చెనో మీరు వింటిరి.

రెండేండ్ల క్రిందట వేసవిలో నా మనుమడు హైదరాబాదు నుండి వచ్చెను. ఫోనులో ఏదో ఆడుచుండగా మందలింపబోయితిని. వాడు తల యెత్తకయే, "తాతయ్యా, నిప్పువాడిని ఓడించాలంటే ముందు మంచువాడి దగ్గరికి పోవాలి" అనెను. నేను నిలిచిపోతిని. ప్రక్కన కూర్చుండి, ఒక్కొక్కరిని గూర్చి అడిగి, చిత్తుకాగితముమీద గుండ్రముగా ఆరు పేర్లు వ్రాసి బాణపు గుర్తులు వేసితిని. వేసి చూచుకొనగా, ఆ సవర్ణదీర్ఘ సంధి పుట నా కన్నులముందు నిలిచెను. అదే చక్రము. సెలవులకు మాత్రము మేనమామ యింటికి పోవు బాలుడు, పుస్తకసహాయము లేక, చెప్పువారు లేక, ప్రతిసారియు మొదటినుండి ఆడి, ముప్పది జోడింపులలో నిజమైన ఆరింటిని ఏర్చి, మరచిపోకుండ తన పుస్తకమున వ్రాసికొనెను. నేను బోధింపనెంచిన విద్య వానియందు అప్పటికే పుట్టియుండెను. దానిమీద ఎఱ్ఱసిరాతో అడ్డగీత గీచినవాడను నేను.

వాడు పదవ తరగతి పూర్తిచేయక చదువు మానెను. నా వలననే మానెనని చెప్పజాలను. నా వలన నిలువలేదని మాత్రము చెప్పగలను. నేడు వాడు మోటార్లకు వైండింగు చేయు దుకాణము నడుపుచున్నాడు. చుట్టుప్రక్కల రైతుల పంపుసెట్లు వాని చేతి చలువను తిరుగుచున్నవి. కాలిపోయిన మోటారును ముందునుంచుకొని, ఏ తీగ పోయినదో ఒక్కొక్కటి తాకి చూచుకొనుచుండగా నేను పోయి గుమ్మమున నిలిచితిని. లేచి నమస్కరించి స్టూలు వేసెను. నేను కాగితము చూపి, ఇది నీవు గీచినదే గదా, నాకు ఇన్నాళ్లకు అర్థమైనదని చెప్పితిని. వాడు కాగితమును చాలసేపు చూచెను.

"బొమ్మ సంగతి నాకు గుర్తు లేదు సారూ. తాత బిందె మోయటం గుర్తుంది" అనెను.

ఆ తాత అప్పటికే కీర్తిశేషుడు. నేను క్షమాపణ చెప్పదలచిన మాట ఎవరికి చెప్పవలెనో వారు లేరు. మనుమనికే చేతులు జోడించితిని. వాడు నా చేతులు పట్టుకొని దించి, టీ తెప్పించెను. పిమ్మట ఇద్దరము చాలసేపు మోటార్లను గూర్చి మాటలాడుకొంటిమి.

పెద్దలారా, ఆటలన్నియు మంచివని నేను చెప్పుట లేదు. పొద్దస్తమానము ఫోను పట్టుకొన్న కన్నులు చెడును, నిద్ర చెడును. డబ్బు కాజేయు ఆటలును కలవు. వేళకు కట్టడి యుండవలసినదే. కాని ఫోను లాగుకొనుటకు పూర్వము ఒక్క గడియ మనుమని ప్రక్కన కూర్చుండుడు. వీడెవడురా, వీని ఆయుధ మేమి, దానికి విరుగుడు ఏది యని అడుగుడు. వాడు చెప్పును. వాడు చెప్పిన పిమ్మట మీరు ప్రాణధర రాజ్యధరుల కథ చెప్పుడు, అస్త్రములకు ప్రత్యస్త్రములను చెప్పుడు, మీ తాతలు మోసిన వెట్టి చెప్పుడు. రోబో యను మాటకు అర్థమేమో మనుమడు ఎరుగడు, మీరు ఎరుగుదురు. పనిని పిల్లలకు శిక్షగా విధింపకుడు. విధించిన ఆ పని వానికి జన్మమంతయు వెట్టిగనే జ్ఞాపకముండును.

నాకు ఈ మాట తెలియుటకు ఇరువది యైదేండ్లకు పైగా పట్టినది. మీకు అంత కాలము పట్టకుండుగాక.